మళ్ళ తెచ్చియ్యాలె

మా షాపులో ప్రింటర్ పైన గోడకు ఒక మేకు ఉంది. దానికో ఇత్తడి బిళ్ళ వేలాడుతుంటుంది. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళ, పైన చిల్లు, మధ్యలో 118 అని గుద్దిన అంకె. సర్టిఫికెట్ల కోసం, జిరాక్సుల కోసం వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు రోజూ దాని మీద చెయ్యి వేస్తారు. "ఏందక్కా ఇది?" అంటారు. నేను ఓర్పు గల మనిషిని కాదు. ఇల్లెందు బస్టాండు వెనక ఎవరినడిగినా ఆ సంగతి చెప్తారు. ఆ బిళ్ళ దగ్గర మాత్రం ఉన్న కాస్త ఓర్పు కూడా పోతుంది. మొన్న ఒకాయన ఫ్యాను గాలికి తన కాగితాలు ఎగురుతున్నాయని, బరువు పెట్టడానికి దాన్ని తీయబోయాడు. ఆయన కాగితాలు ఆయన చేతిలో పెట్టి పక్క షాపు చూపించాను.

నిన్న చిన్నమ్మ వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఆ బిళ్ళ గలాయనే మనసులో మెదులుతున్నాడు. ఆమె ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

నేను ఆయన్ని కాకా అనేదాన్ని. చుట్టం కాదు. మా బొగ్గుబాయి ఊళ్ళలో నడివయసు దాటిన మగవాళ్ళలో సగం మంది కాకాలే. ఆయన భార్య గనుక ఆమె నాకు చిన్నమ్మ. కాకా మొదట్లో బాయి లోపల, అంటే గనిలో, బొగ్గు నింపేవాడు. కాలి మీద బండ పడ్డాక పైన పని ఇచ్చారు, ల్యాంప్ రూమ్‌లో. తెలియనివాళ్ళకు చెప్తున్నాను: బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నెంబరు బిళ్ళ ఉంటుంది, టోకెన్ అంటారు. ఆ టోకెన్ ల్యాంప్ రూమ్ కిటికీలో ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకుని దిగాలి. టోకెన్ బోర్డు మీద మేకుకు ఎక్కుతుంది. పని అయ్యాక పైకొచ్చి లైటు ఇచ్చేస్తే టోకెన్ చేతికొస్తుంది. షిఫ్టు ముగిసేసరికి బోర్డు ఖాళీ కావాలి. ఖాళీ అయిందంటే అందరూ పైకొచ్చారని. ఇరవై రెండేళ్ళు ఆయన ఉద్యోగం అదే, బోర్డు ఖాళీ అయ్యేదాకా కిటికీ దగ్గర నిలబడటం.

ఉద్యోగం నుంచి ఆయన రిటైరయ్యాడు గానీ ఆ ఉద్యోగం ఆయన నుంచి రిటైరు కాలేదు. పెళ్ళికి పిలిస్తే భోజనాల బంతిలో కాదు, హాలు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎందరు లోపలికి పోయారు, ఎందరు బయటికొచ్చారు అని వేళ్ళు మడిచేవాడు. సినిమా హాల్లో సీటు కంటే ముందు రెండో తలుపు వెతికేవాడు. "బాయికి రెండు దార్లుండాలె బిడ్డా. ఒక్కటే ఉంటే అది బాయి గాదు, బోను" అనేవాడు. నా షాపుకు ఒకటే తలుపు. ఆ విషయం మీద ఆయనకూ నాకూ రెండేళ్ళు గొడవ. చివరికి వెనక గోడకు కిటికీ పెట్టించాను. గాలి కోసమని ఆయనతో చెప్పాను గానీ, ఆయన నోరు మూయించడానికే.

అన్నిటికంటే పెద్ద పిచ్చి ఇంకొకటుంది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపేవాడు కాదు. అయ్యో, పెట్టుపోతలు అనుకోకండి. గొడుగు, టిఫిన్ డబ్బా, చేతిసంచి, చదివేసిన పేపరు, ఏదో ఒకటి చేతిలో పెట్టి, "మళ్ళ తెచ్చియ్యాలె" అనేవాడు. పోయొస్త అనే ఉత్త మాట మీద ఆయనకు నమ్మకం లేదు. మన వస్తువు వాళ్ళ దగ్గర ఉంటేనే మనిషి తిరిగొస్తాడని లెక్క. ఇంట్లో వస్తువులతో ఆగితే నాకేం. రోజూ పొద్దున్నే నా షాపులో బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా నా పెన్నులు ఇచ్చి పంపేవాడు.

"కాకా, అవి నా పెన్నులు!"

"అవ్. వాళ్ళు మళ్ళొచ్చేది గూడ నీ షాపుకే గదా."

నాకు ఒళ్ళు మండేది. తీరా చూస్తే, గుండాల అడవి వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే కోయ అమ్మలు కూడా నెల తర్వాత కొంగు ముడి విప్పి, "తాత ఇచ్చిండు" అని పెన్ను కౌంటర్ మీద పెట్టేవాళ్ళు. ఎలాగూ వచ్చారు గనుక ఇంకో రెండు కాగితాలు నా దగ్గరే చేయించుకునేవాళ్ళు. ఇది ఆయనకు చెప్పలేదు. చెప్తే ఇంక పట్టలేం.

ఓడ సంగతి ఎలా మొదలైందంటే, నాకు కొరియర్‌లో వచ్చిన కాట్రిడ్జి పెట్టెలో ఏదో టూర్ల కంపెనీ రంగుల కాగితం పడి ఉంది. కాకా దాన్ని పట్టుకుని కిటికీ వెలుగులో చాలాసేపు చూశాడు. చుట్టూ కొండలు, మధ్యలో కదలని నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక తెల్లటి ఓడ.

"కిన్నెరసానిల గింత పెద్ద పడవ ఎప్పుడు దించిన్రు?"

"మన కిన్నెరసాని డ్యాం కాదు కాకా. మాంటెనెగ్రో. మధ్యధరా సముద్రం పక్కన చిన్న దేశం. మన ఖమ్మం, కొత్తగూడెం కలిపితే ఎంతో అంతే ఉంటుంది." ఎంతుంటుందో నాకూ తెలియదు, ధైర్యంగా చెప్పేశాను.

"చుట్టూర గుట్టలే ఉన్నయి. మరి ఓడ లోపలికెట్ల పోయింది?"

మ్యాపు తెరిచి చూపించాను. సముద్రం ఒక సన్నటి సందు గుండా కొండల మధ్యకు దూరి, లోపల విశాలంగా పరుచుకుంది. లోపలికి పోయిన ఓడ మళ్ళీ ఆ సందులోంచే బయటికి రావాలి. కాకా కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఓడల ఎంతమందుంటరు?"

"రెండు మూడు వేల మంది."

"పొద్దుగాల అందరు ఊరు చూడ దిగుతరు. సాయంత్రం ఓడ పోతది. అందరు ఎక్కిన్రని ఎవరు చూస్తరు? ఎట్ల చూస్తరు?"

"నాకేం తెలుసు కాకా?"

"తెలుసుకోవాలె" అన్నాడు. సముద్రం మీద మోజు కాదు, ఫారిన్ మీద కాదు. అంత పెద్ద ఓడకు ల్యాంప్ రూమ్ ఎక్కడుంది, అందులో నిలబడేవాడెవడు, వాడు మనుషుల్ని ఎలా లెక్కపెడతాడు అనేది చూడటానికి ఒక మనిషి సముద్రాలు దాటి పోవాలనుకున్నాడు. ఇలాంటి కారణం ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదని నేను రాసిస్తాను.

ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు మా షాపే ఓడ ఆఫీసు. హైదరాబాదు ఏజెంటుకు నా ఫోన్ నుంచే రోజూ కాల్. పాపం అతను స్విమ్మింగ్ పూల్ గురించి చెప్పబోతే, "అది గాదు సారూ, రెండో దారి ఎక్కడున్నది?" అనేవాడు. అతను బఫే గురించి చెప్తే, "కరెంటు పోతే ఏం జేస్తరు?" అనేవాడు. ఓడ ఎక్కగానే అందరినీ ఒకచోట నిలబెట్టి హాజరు చూస్తారని, దాన్ని మస్టర్ అంటారని ఏజెంటు చెప్పిన రోజు కాకా మొహం చూడాలి. మా బాయిల్లో హాజరును మస్టర్ అనే అంటారు మరి. ఫోన్ నా చేతిలో పెట్టి, "బిడ్డా, మనోళ్ళే! వాళ్ళు గూడ మస్టర్ అనే అంటరట!" అని బస్టాండు దాకా పోయి అందరికీ చెప్పొచ్చాడు.

ఇంట్లో రిహార్సల్స్ కూడా మొదలుపెట్టాడు. ఓడలో గది ఎంతుంటుందో కనుక్కుని, ముందు గదిలో సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీతలోనే మంచం, ఆ గీతలోనే నడక. చిన్నమ్మ చీపురుతో ఆ గీత ఊడ్చేసేది. ఆయన మళ్ళీ గీసేవాడు.

అసలు చిక్కు చిన్నమ్మతోనే. ఆమె రానంది. నీళ్ళంటే భయమా అంటే కాదు. మోకాళ్ళ నొప్పులా అంటే, వాటితోనే భద్రాచలం మెట్లెక్కి రాముణ్ణి చూసొస్తుంది. ఒకరోజు కరివేపాకు తెచ్చి ఇచ్చి, నా పక్కన కూర్చుని ఆమే చెప్పింది.

"ఆయన బాయికి పోయిన ప్రతి దినం నేను గడప కాడ కూసున్న బిడ్డా. షిఫ్టు సైరన్ కొట్టినంక, ఆయన మూల మలిగేదాక అన్నం ముట్టలే. లోపలున్న మనిషి కోసం బయట ఒకరుండాలె. ఇద్దరం పోతే ఇంటికాడ ఎవరుంటరు? ఎవరున్నరని తిరిగొస్తం?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె హాస్యానికి అనలేదని అప్పుడు అర్థమై నాకు సిగ్గేసింది.

కాకా మాత్రం పట్టు వదల్లేదు. "సంతకమైతే పెట్టు, పోవుడు తర్వాత సంగతి" అని ఆమెతో కాగితాల మీద సంతకం పెట్టించాడు. ఎలాగూ అయ్యేది కాదని ఆమె పెట్టింది. పాస్‌పోర్టులొచ్చాయి. ఓడ ఎక్కేది పక్క దేశంలో గనుక ముందు ఆ దేశపు వీసా కావాలి. నేను ఫారాలు నింపుతూ, "మీరు తిరిగొస్తారని రుజువులు పెట్టమంటున్నారు కాకా. పెన్షన్ కాగితం, ఇంటి కాగితం" అన్నాను.

ఆయన నిటారుగా కూర్చున్నాడు. "తిరిగొస్తరా అని అడుగుతున్రా? శభాష్! గట్ల అడగాలె. లోపలికి రానిచ్చేటోడు అది అడగకుంటే ఎట్ల?"

హైదరాబాదులో వీసా కౌంటర్ దగ్గర ఏం జరిగిందో తోడు వెళ్ళిన చిన్నమ్మ చెప్పింది. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టులు తీసుకుంది, ఫైలు తీసుకుంది. కాకా జేబులోంచి రెండు ఇత్తడి బిళ్ళలు తీసి కిటికీలోంచి తోశాడు. ఆయన పనిచేసిన బాయి మూసేసినప్పుడు పాత బిళ్ళలు తుక్కులోకి పోతుంటే, మేనేజరు సారును అడిగి తన 118, పక్కనున్న 119 తెచ్చుకున్నాడు. తనది తనకు, పక్కది చిన్నమ్మకు.

"ఇవేంటి సార్?"

"టోకెన్లమ్మా. మేం తిరిగొచ్చినంక తీసుకుంటం."

ఆ అమ్మాయి నవ్వి వెనక్కిచ్చింది. వెనకున్నవాళ్ళు కూడా నవ్వారట. కాకా దారి పొడుగునా సణుగుతూనే వచ్చాడు. "పాస్‌పోర్టు తీస్కున్నరు, టోకెన్ తీస్కోలే. ఇగ వాళ్ళకు లెక్కెట్ల తెలుస్తది?"

మూడు వారాలకు జవాబొచ్చింది. వీసా ఇవ్వలేదు. కారణం ఒక్క వాక్యం: దరఖాస్తుదారు గడువు లోపల తిరిగి వెళ్తాడన్న నమ్మకం కలగలేదు. నేను మెల్లగా తెలుగులో చెప్పాను. షాపులో నలుగురున్నారు. కాకా ఆ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఎవరో ఒకరికి నా పెన్ను ఇచ్చే మనిషి, ఆ రోజు ఎవరికీ ఏమీ ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఐదు రోజులు రాలేదు. నా పెన్నులన్నీ డబ్బాలోనే ఉన్నాయి. వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఇది నిజం.

ఆరో రోజు చిన్నమ్మ వచ్చింది, కాకా వెనకాల. ఆమె కొంగు నడుముకు దోపి ఉంది. అప్పుడే నాకు అర్థమైంది, ఎవరికో మూడిందని.

"ఎవడే వాడు?" అంది.

"ఎవరు చిన్నమ్మా?"

"మీ కాక తిరిగి రాడన్నోడు. ముప్పై ఏండ్లు ఆ బాయిలకు పోయిండు, వచ్చిండు. కాలు ఇరిగినా వచ్చిండు. గీయన రాడంటడా? గంత దూరం కూసొని, మొకం గూడ చూడకుండ రాడని రాస్తడా? రాయి బిడ్డా, మళ్ళ రాయి. నేను గూడ పోత. పోయి, తిరిగొచ్చి చూపిస్త."

ఎనిమిది నెలలు బతిమాలినా కదలని మనిషిని ఆ ఒక్క వాక్యం లేపి నిలబెట్టింది. కాకా ఆమె వెనక నిలబడి నాకు కన్ను కొట్టాడు. అరవై మూడేళ్ళ మనిషి!

ఈసారి ఫారంతో పాటు ఉత్తరం పెట్టాలన్నాడు. తను తెలుగులో చెప్తాడు, నేను ఇంగ్లీషులో కొట్టాలి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సారు ముందు నిలబడ్డట్టు కంప్యూటర్ ముందు నిలబడ్డాడు.

"అయ్యలకు దండాలు. నేను తిరిగి రానని మీరు రాసిన్రు. మీ తప్పు లేదు, మీకు నేను తెల్వదు. నేను ఇరవై రెండేండ్లు ల్యాంప్ రూమ్ల పనిచేసిన. లోపలికి పోయెటోళ్ళను లెక్కపెట్టి పంపిన, లెక్కపెట్టి తీస్కున్న. ఒక్కటి తప్ప నా బోర్డు మీద ఎన్నడు టోకెన్ మిగలలే."

నా వేళ్ళు ఆగిపోయాయి. "కాకా, 'ఒక్కటి తప్ప' ఎందుకు? తీసేద్దాం. వాళ్ళకేం తెలుస్తుంది?"

"అబద్దం రాయద్దు బిడ్డా."

ఆ ఒక్కదాని సంగతి అప్పుడే చెప్పాడు. ఒక రెండో షిఫ్టులో లోపల పైకప్పు కూలింది. అందరూ వచ్చారు, ఒకాయన రాలేదు. మూడో రోజు ఆయన తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చి అన్న టోకెన్ ఇమ్మన్నాడు. కాకా ఇవ్వలేదు.

"ఒకరి టోకెన్ ఇంకొకరికియ్యరు. మస్తు తిట్టిండు. తిట్టనీ అనుకున్న. నేనిస్తే మేకు ఖాళీ అయితది. ఖాళీ అయితే మనిషి వచ్చినట్టే లెక్క. ఆయన రాలే గదా బిడ్డా. రాని మనిషిని వచ్చిండని ఎట్లంట?"

బాయి మూసేదాకా ఆ బిళ్ళ ఆ మేకుకే ఉందట. రోజూ పొద్దున్నే ఆయన గుడ్డతో తుడిచేవాడట. చిన్నమ్మ బల్ల మీద తల వంచుకుని కూర్చుంది. నేను 'ఒక్కటి తప్ప' అని ఇంగ్లీషులో కొట్టాను.

ఆ తర్వాత ఉత్తరం మళ్ళీ దారిలో పడింది. తిరిగి రావడానికి ఇంకేం కారణాలున్నాయని అడిగాను. కాకా తడుముకుంటుంటే చిన్నమ్మ అందుకుంది.

"తొక్కు సంగతి రాయి బిడ్డా. పోయే ముంగట మామిడికాయ తొక్కు పెడ్తున్నం. ముక్క ఊరేసరికి మేం ఇంటికాడ ఉండాలె. జాడీ నిండ తొక్కు ఇడిచిపెట్టి ఎవడన్న పరదేశంల ఉంటడా?"

రాశాను. మామిడికాయ పచ్చడిని తిరిగొస్తామనడానికి రుజువుగా చూపించిన ఉత్తరం అది ఒక్కటే అయ్యుంటుంది. కింద రెండు టోకెన్ల ఫొటో రంగుల్లో ప్రింటు తీసి జతచేశాను. ఉత్తరం చదివి ఇచ్చారో, మా ఏజెంటు ఈసారి కాగితాలు సరిగ్గా పెట్టాడో నాకు తెలియదు గానీ, వీసా వచ్చింది. కాకా మాత్రం తొక్కు వల్లే వచ్చిందని చివరిదాకా నమ్మాడు.

ఇంక బయల్దేరాలి. చిన్నమ్మకు ఆ పాత సందేహం పోలేదు, బయట ఎవరుండాలి? బయల్దేరే రోజు ఇద్దరూ షాపుకొచ్చారు. కాకా తన జేబులోంచి ఆ మేకు తీసి, ప్రింటర్ పైన గోడకు తనే కొట్టాడు. అడగను కూడా అడగలేదు. 118 దానికి తగిలించాడు. చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె 119 తీసి తనే తగిలించింది.

"ఇగ నువ్వే ల్యాంప్ రూమ్ బిడ్డా" అన్నాడు. "ఎవరొచ్చి అడిగినా ఇయ్యద్దు. ఆమెది నేనడిగినా ఇయ్యద్దు. ఎవరిది వాళ్ళొచ్చి తీస్కోవాలె."

"సరే గానీ జల్దీ పో కాకా, బస్సెల్లిపోతుంది" అన్నాను. నాకు అలాంటప్పుడు మాట్లాడటం చేతకాదు. ఆ పన్నెండు రోజులు షాపు తెరవగానే ముందు ఆ మేకు వైపు చూసేదాన్ని. మా పిల్ల పరీక్షలప్పుడు కూడా నేను అంత కంగారు పడలేదు.

పదమూడో రోజు పొద్దున్నే కాకా ఒక్కడే వచ్చాడు. 118 తీసుకున్నాడు. 119 అడగలేదు. సాయంత్రం చిన్నమ్మ వాచిన కాళ్ళతో నడిచొచ్చి తనది తీసుకుని, బల్ల మీద కూలబడి నీళ్ళడిగింది. ఓడ కథ ఆమె చెప్తేనే వినాలి.

"ఏం జూసిండనుకున్నవ్ మీ కాక? ఏం జూడలే. ఓడ మెట్ల కాడ ఒకడు నిలబడి అందరి కార్డులు మిషన్ మీద పెట్టి టింగుమనిపిస్తడు. ఈయన పోయి వాని పక్కన నిలబడ్డడు. వాని భాష ఈయనకు రాదు, ఈయన భాష వానికి రాదు. ఇద్దరు దోస్తులైన్రు. అందరు ఊరు చూడ పోతే ఈయన ఆడనే. వాడు మిషన్ల చూస్తడు, ఈయన వేళ్ళ మీద చూస్తడు. నేను మా గుంపుల ఉన్న హైదరాబాదు ఆడోళ్ళతోని కోట చూడ పోయిన. ఆ ఊర్ల యాడ జూసిన పిల్లులే బిడ్డా. ఒక పిల్లి నా ఒళ్ళె పండుకున్నది. దాన్ని లేపబుద్ధి గాలే. వాళ్ళందరు ఎల్లిపోయిన్రు, నేను చూసుకోలే."

గుంపులో ఇరవై మందికి పందొమ్మిదిమందే ఎక్కారని మిషన్ కంటే ముందు కాకా వేళ్ళే చెప్పాయి. ఆయన దిగి, ఒక కాలు మెట్ల మీద, ఒక కాలు గట్టు మీద పెట్టి నిలబడ్డాడు. అలా నిలబడితే ఓడ పోదని ఆయన లెక్క. ఆ మెట్ల మనిషి ఇంకా టైముందని చేతులతో సైగలు చేస్తున్నా కదల్లేదు.

"నేను మెల్లగ నడుసుకుంట వస్తున్న. దూరం నుంచే కనపడ్డడు. తిడ్తడనుకున్న. తిట్టలే. 'ఎక్కు' అన్నడు, గంతే." చిన్నమ్మ గ్లాసు కింద పెట్టింది. "ముప్పై ఏండ్లు నేను గడప కాడ కూసొని ఆయన కోసం చూసిన. ఒక్క దినం ఆయన నా కోసం చూసిండు. నాకు మస్తు మంచిగనిపించింది బిడ్డా."

ఆ సాయంత్రం ఓడ కొండల సందులోంచి బయటికి వస్తుంటే కాకా పైన రెయిలింగు పట్టుకుని, సందు దాటేదాకా ఊపిరి బిగబట్టి చూశాడట. దాటాక, "మొత్తం వచ్చింది" అన్నాడట. దిగేటప్పుడు ఆ మెట్ల మనిషి చేతిలో నా షాపు పెన్ను పెట్టి, "మళ్ళ తెచ్చియ్యాలె" అని తెలుగులోనే చెప్పాడట. ఆ పెన్ను ఇంకా రాలేదు. వస్తుందనే అనుకుంటున్నాను.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. లోపల చిన్నమ్మ ఉంది. కాకా దిగి వచ్చాడు, మనిషి కాస్త చెమటలు పట్టి ఉన్నాడు.

"ఖమ్మం దవాఖానకు పోతున్నం బిడ్డా. ఛాతిల జర పట్టేసినట్టున్నది. రెండు దినాలల్ల వస్త." బిళ్ళ చేతిలో పట్టుకున్నాడు.

నేను ఎవరిదో ఫారం కొడుతున్నాను. సర్వర్ అప్పుడే వచ్చింది, పోతుందేమోనని తొందర. తల తిప్పకుండానే, "ఆ మేకుకు పెట్టు కాకా" అన్నాను. ఆయనే పెట్టి వెళ్ళాడు. పెన్ను కూడా ఇచ్చినట్టు లేదు ఎవరికీ. ఇన్ని మాటలు మాట్లాడే నోరు నాది, ఆ రోజు ఆ ఒక్క మాటే అంది. తల తిప్పి చూడాల్సింది.

రెండు రోజులు కాదు, మర్నాడే తెలిసింది.

కాకా దినాలు అయ్యాయి, నెలలు గడిచాయి. చిన్నమ్మ షాపుకు రాలేదు, నేనే వాళ్ళింటికి పోయేదాన్ని. బిళ్ళ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమెకివ్వాలి కదా, ఎంతైనా ఆమెది కదా అని లోపల తొలుస్తూనే ఉంది.

నిన్న ఆమే వచ్చింది. ఓడ ప్రయాణానికి కొన్న సంచి భుజాన ఉంది. బల్ల మీద కూర్చుని సంచిలోంచి పాస్‌పోర్టు తీసింది.

"బిడ్డా, నీళ్ళ నడుమ ఇంకో చిన్న దేశమున్నదట గదా. మాల్టానో ఏందో. ఆ హైదరాబాదు ఆడోళ్ళు పోతున్రట. రోజు ఫోన్లే. నేను గూడ వస్తనన్న. ఫారం నింపు."

నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను. "ఓడలోనా చిన్నమ్మా?"

"అవ్, ఓడలనే. ఆ మెట్ల కాడ మనోడు ఉంటడేమో చూడాలె. నీ పెన్ను సంగతి అడుగుత."

ఇద్దరం నవ్వాం. ఆమె 119 తీసి కౌంటర్ మీద పెట్టింది. "వీసా వస్తది. వచ్చినట్టే అనుకో. నాది ఇప్పుడే పట్టు."

మేకుకు తగిలించబోతే వేళ్ళకు 118 తగిలింది. ఇంక ఆగలేకపోయాను. దాన్ని తీయబోతూ అన్నాను, "చిన్నమ్మా, కాకాది నువ్వు తీసుకుపోతావా?"

ఆమె ఆ బిళ్ళ వైపు చూసింది.

"ఆయనొచ్చిండా?"

"లేదు."

"మరెట్ల ఇస్తవ్?"

118ని వదిలేసి, 119ని దాని పక్కనే తగిలించాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె లేచి, కొంగుతో 118ని ఒకసారి తుడిచి వదిలేసింది.

"నాదైతే నేనొచ్చి తీస్కుంట. ఆయనది అట్లనే ఉండనియ్యి" అని మెట్లు దిగబోయింది.

"చిన్నమ్మా, ఆగు!" అని అరిచాను. కౌంటర్ కింద వెతికితే నా గొడుగు దొరికింది. పరుగెత్తి ఆమె చేతిలో పెట్టాను. "మళ్ళ తెచ్చియ్యాలె."

బయట ఎండ మండిపోతోంది, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. చిన్నమ్మ గొడుగు చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.